అడవి పుట్టగొడుగులు ఆరోగ్యానికి ఎంత మేలు? తరచుగా అడిగే ప్రశ్నలకు సమాధానాలు

ఆరుద్ర కార్తెలో రెండు మంచి వానలు పడ్డాయంటే మందస, మెళియాపుట్టి, సీతంపేట సంతల్లో అడ్డాకుల మీద పుట్టగొడుగుల కుప్పలు కనిపించడం మొదలవుతుంది. శ్రీకాకుళం జిల్లాలో చాలాకాలం జీవశాస్త్రం బోధించినందువల్ల ఆ రోజుల్లో నన్ను కలిసేవారూ, ఫోన్ చేసేవారూ దాదాపు ఒకే రకం ప్రశ్నలు అడుగుతుంటారు. ఈమధ్య వాటిలో షుగరు, కిడ్నీ, కేన్సర్ అనే మాటలు ఎక్కువగా వినిపిస్తున్నందున సమాధానాలను ఒకచోట రాసి పెట్టడం అవసరమనిపించింది.

అడవి పుట్టగొడుగు ఆహారమా, మందా?

ఆహారమే, అదీ చాలా మంచి ఆహారం. దానిని మందు అని పిలవడానికి మాత్రం నేను ఒప్పుకోను. శిలీంధ్రాల నుంచి గొప్ప మందులు వచ్చిన మాట నిజమే. 1928లో గుర్తించిన పెనిసిలిన్, కొలెస్ట్రాల్ తగ్గించే లోవాస్టాటిన్, అవయవ మార్పిడి చేయించుకున్నవారికి ఇచ్చే సైక్లోస్పోరిన్ మూడూ శిలీంధ్రాలు తయారు చేసిన పదార్థాలే. అయితే అవి వచ్చింది కంటికి ఆనని బూజుల నుంచి; పైగా ఆ పదార్థాన్ని విడదీసి, శుద్ధి చేసి, ఎంత మోతాదులో మేలు చేస్తుందో, ఎంత దాటితే కీడు చేస్తుందో తేల్చిన తర్వాతే అది మందు అయింది. కొండ మీద ఏరిన పుట్టగొడుగులో ఏ పదార్థం ఎంత ఉందో ఎవరూ కొలిచి ఇవ్వరు. ఆ నేల, ఆ చెట్టు, ఆ ఏటి వాన, కోసిన నాటి వయసు, వీటన్నిటినీ బట్టి అది మారిపోతుంది.

మన ప్రాంతంలో తినే రకాలు ఏవి?

అన్నిటికంటే పేరున్నది చెదల పుట్టల మీద లేచే అసలైన పుట్టగొడుగు. మన ఊళ్లలో కొందరు పుట్టకొక్కు అంటారు, ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే ఇళ్లలో ఛతు అంటారు, శాస్త్రజ్ఞులు టెర్మిటోమైసిస్ అంటారు. పేరులోనే పుట్ట ఉన్నట్టు దీని బతుకంతా చెదపురుగులతోనే ముడిపడి ఉంటుంది. చెదలు ఎండుటాకులను, పుల్లలను నమిలి తెచ్చి పుట్ట లోపల తేనెపట్టు లాంటి మెత్తని దిమ్మెలు కడతాయి. ఆ దిమ్మెల మీద ఈ శిలీంధ్రం పెరిగి, చెదలు అరిగించుకోలేని గట్టి పీచును మెత్తబరుస్తుంది, చెదలు దాన్నీ దిమ్మెనూ తిని బతుకుతాయి. వానలకు నేల తడిసినప్పుడు అక్కడి నుంచే కాడ పైకి సాగి మట్టిని చీల్చుకుని గొడుగు విప్పుతుంది. ఈ కాపురం కుదరనిదే అది గొడుగు వేయదు కాబట్టి దీనిని షెడ్డులో పెంచి అమ్మడం ఇంతవరకు సాధ్యపడలేదు. సంతలో దాని ధర కోడి మాంసంతో పోటీ పడడానికి కారణం ఇదే.

గడ్డివాముల దగ్గర, కుళ్లిన వరిగడ్డి మీద వచ్చే వరిగడ్డి పుట్టగొడుగు, చచ్చిన మానుల మీద ఆల్చిప్పల్లా దొంతర్లుగా వచ్చే ముత్యపుచిప్ప రకం కూడా తింటారు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో గుగ్గిలం చెట్ల కింద మట్టిలో గోళీల్లా దొరికే రకానికి అక్కడి సంతల్లో మంచి గిరాకీ ఉంటుంది.

వీటిలో పోషకాలు నిజంగా అంతగా ఉంటాయా?

తాజా పుట్టగొడుగులో సుమారు 90 శాతం నీరే. అందుకే సట్టెడు ముక్కలు వేసినా కూర గరిటెడే మిగులుతుంది. 100 గ్రాముల తాజా పుట్టగొడుగులో ప్రొటీన్ సుమారు 2 నుంచి 3 గ్రాములు ఉంటుంది. ఒక కోడిగుడ్డులో 6 గ్రాములు ఉంటుంది. కాబట్టి మాంసానికి సాటి అన్న మాట రుచి విషయంలో ఒప్పుకోదగినదే గాని ప్రొటీన్ విషయంలో కాదు. దీని అసలు బలం వేరేచోట ఉంది. కొవ్వు, కేలరీలు చాలా తక్కువ. రైబోఫ్లేవిన్, నియాసిన్ వంటి బి విటమిన్లు, పొటాషియం, సెలీనియం బాగా ఉంటాయి. బీటా గ్లూకాన్ అనే పీచు పదార్థం, ఎర్గోథియోనిన్ అనే ఆక్సీకరణ నిరోధకం ఉంటాయి. ఈ రెండోదాన్ని మన శరీరం తయారు చేసుకోలేదు. మనం తినే వాటిలో అది అత్యధికంగా దొరికేది పుట్టగొడుగుల్లోనే. శాకాహారులకు కావలసిన బి12 దీని నుంచి వస్తుందని నమ్మి ఆ మాత్రలు మానేయడం మాత్రం పొరపాటు. అది ఇందులో లెక్కలోకి రానంత తక్కువ.

విటమిన్ డి సంగతి ఆసక్తికరమైనది. పుట్టగొడుగు కణాల్లో ఉండే ఎర్గోస్టెరాల్ ఎండ తగలగానే విటమిన్ డి2గా మారుతుంది, కోసిన తర్వాత కూడా. తాజా వాటిని పలుచగా కోసి చాటలో పరిచి, వాన తెరిపిచ్చిన మధ్యాహ్నం గంటసేపు ఎండలో పెట్టి వండుకుంటే ఖర్చు లేకుండా ఆ లాభం దక్కుతుంది.

రోగనిరోధక శక్తి పెరుగుతుందా?

బీటా గ్లూకాన్‌ను మన రక్షక కణాలు గుర్తించి స్పందిస్తాయని ప్రయోగశాలల్లో తేలింది. ఆ స్పందన వల్ల మనిషికి జలుబులు, జ్వరాలు తగ్గుతాయని గట్టిగా చెప్పగల స్థాయి రుజువులు ఇంకా రాలేదు. కూరగా తినండి, దాన్ని నమ్ముకుని టీకాలు మానకండి.

కొబ్బరి మోడు మీద వచ్చే ఎర్రటి గట్టి గొడుగు రీషీయేనా? ఉడికించి తాగవచ్చా?

మా జిల్లా తీరాన కొబ్బరి, జీడితోటల ప్రాంతమైన ఉద్దానం నుంచి నాకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. చైనా, జపాన్ సంప్రదాయ వైద్యంలో లింగ్జీ అనీ, రీషీ అనీ పిలిచేది గానోడెర్మా ప్రజాతికి చెందినది. మన కొబ్బరి చెట్ల మొదలు కుళ్లి, కాండం అడుగున ఎర్రగోధుమ రంగు బంక కారి, ఆకులు వాలి చెట్టు చచ్చిపోయే గానోడెర్మా తెగులుకు కారణమైనదీ ఆ ప్రజాతిదే. తెగులు ముదిరిన చెట్టు మొదట్లో, 2018 అక్టోబరు తిత్లీ తుపానుకు కూలిన వాటిలా తోటలో మిగిలిపోయిన మోళ్ల మీద, నున్నగా వార్నిష్ పూసినట్టు మెరిసే అరచేయంత గొడుగులు కనిపించేది అందుకే.

ప్రజాతి ఒకటే అయినంత మాత్రాన రెండూ ఒకటి కావు. ఉల్లి, వెల్లుల్లి రెండూ ఒకే ప్రజాతివి అయినా ఒకదాని బదులు ఇంకొకటి పనికిరాదు కదా. గానోడెర్మాలో పదుల సంఖ్యలో జాతులు ఉన్నాయి. దాదాపు శతాబ్దం పాటు వాటిలో చాలావాటిని లూసిడమ్ అనే ఒకే పేరుతో పిలిచారు, ఇప్పుడు జన్యు పరీక్షలతో విడదీస్తున్నారు. రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. తెగులు సోకిన కొబ్బరికి రైతులు వేరు ద్వారా శిలీంధ్రనాశిని ఎక్కిస్తారు. ఆ మందు తాగిన చెట్టు మీద లేచిన గొడుగును కషాయం కాచుకోవడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. దానిని కోసి కాల్చేయడం తోటకు మంచిది, తాగకపోవడం మీకు మంచిది.

పుట్టగొడుగులతో కేన్సర్ తగ్గుతుందని విన్నాము. నిజమేనా?

ఈ మాటకు మూలం జపాన్‌లో ఉంది. అక్కడ 1977లో తోకపింఛం లాంటి రంగుల చారలున్న ఒక మానుగొడుగు నుంచి తీసిన క్రెస్టిన్‌ను, 1985లో షిటాకే అనే తినే పుట్టగొడుగు నుంచి తీసిన లెంటినాన్‌ను కేన్సర్ చికిత్సలో వాడడానికి అనుమతించారు. కానీ వాటిని కీమోథెరపీకి తోడుగానే ఇచ్చారు, దాని బదులుగా కాదు. రీషీ విషయంలో జరిగిన పరీక్షలన్నిటినీ పరిశీలించిన, కాక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధన సంస్థ సమీక్ష, 2016లో మళ్లీ సరిచూసినప్పుడు కూడా, దీనిని కేన్సర్‌కు ప్రధాన చికిత్సగా వాడడానికి తగిన ఆధారం లేదని తేల్చింది. మామూలు చికిత్సతో పాటు ఇచ్చినప్పుడు కొంత ఉపయోగం ఉండవచ్చునని మాత్రం చెప్పింది. విశాఖపట్నం వెళ్లి కీమో చేయించుకోవలసిన మనిషిని ఇంట్లో కూర్చోబెట్టి పొడి తాగించడం వల్ల పోయే నెలలు తిరిగి రావు. దయచేసి అలా చేయకండి.

షుగరు, బీపీ ఉన్నవారు తినవచ్చా?

కూరగా నిరభ్యంతరంగా తినవచ్చు. పిండిపదార్థం తక్కువ, ఉప్పు సహజంగానే తక్కువ. పొడులు, కాప్స్యూళ్ల రూపంలో రీషీ తీసుకుంటే షుగరు, గుండె జబ్బు ముప్పు తగ్గుతాయన్న మాటకు 2015 నాటి కాక్రేన్ సమీక్షలో ఆధారం దొరకలేదు. రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు ఈ పొడుల జోలికి వెళ్లకూడదు, రక్తస్రావం ఎక్కువ కావచ్చు. ఆపరేషన్ ముందు కూడా అంతే.

ఉద్దానం కిడ్నీ రోగులు పుట్టగొడుగులు తినవచ్చా?

కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస, మందస ప్రాంతాల్లో కిడ్నీ రోగి లేని బంధువర్గం అరుదు కాబట్టి ఈ సమాధానాన్ని ఇంట్లో పెద్దవారికి చదివి వినిపించమని వేడుకుంటున్నాను.

ఆరోగ్యవంతుడికి బలమైన పొటాషియం కిడ్నీ రోగికి బరువు. 100 గ్రాముల తాజా పుట్టగొడుగులో సుమారు 300 నుంచి 400 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది, ఫాస్ఫరస్ కూడా ఉంటుంది. డయాలసిస్ మీద ఉన్నవారికి రోజంతటికీ కలిపి పొటాషియం సుమారు 2,000 మిల్లీగ్రాములు దాటకుండా చూడమని సాధారణంగా చెబుతారు. అన్నం, పప్పు, కొబ్బరి, అరటి అన్నీ అందులోకే రావాలి. రక్తంలో పొటాషియం ఒక్కసారిగా పెరిగితే గుండె లయ తప్పి ప్రాణం మీదికి వస్తుంది. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే కొలత) ఎక్కువ ఉన్నవారు డాక్టరును అడిగి, ఆయన సరేనంటే ముక్కలను ఎక్కువ నీటిలో ఉడికించి ఆ నీటిని పారబోసి, కొద్దిగా మాత్రమే తినాలి. ఉడికించిన నీటితో పులుసో చారో పెట్టుకోకూడదు, పొటాషియం దిగేది అందులోకే. ఎండబెట్టిన పుట్టగొడుగులు, వాటి పొడులు అసలే వద్దు. నీరు పోయి ఖనిజాలన్నీ చిక్కబడి ఉంటాయి.

మందు పేరుతో అమ్మేవి ఇంకా ప్రమాదకరం. చలి దేశాల్లో బర్చ్ చెట్ల మీద వచ్చే చాగా అనే నల్లటి శిలీంధ్రంలో, కిడ్నీల్లో స్ఫటికాలుగా పేరుకునే ఆక్సలేట్ అనే పదార్థం విపరీతంగా ఉంటుంది. జపాన్‌లో ఒక పెద్దావిడ దాని పొడిని ఆరు నెలలు రోజూ తీసుకోగా కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ దాకా వెళ్లిన ఉదంతం 2014లో వైద్య పత్రికలో వచ్చింది. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారికి రోగనిరోధక శక్తి తగ్గించే మందులు ఇస్తారు. అదే శక్తిని రెచ్చగొడతామని చెప్పుకునే పొడిని వారు తీసుకోవడం పెట్టిన కిడ్నీకే చేటు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది కాబట్టి ఈ ప్రశ్న అడగడానికి ఇప్పుడు విశాఖ దాకా పోనక్కరలేదు. పొట్లం మీద ఏమి రాసి ఉందో అక్కడ చూపించి అడగండి.

విషపు పుట్టగొడుగును ఎలా గుర్తుపట్టాలి? వెండి వస్తువు నల్లబడుతుందంటారు కదా?

వెండి ఉంగరం నల్లబడడం, వెల్లుల్లి రంగు మారడం, అన్నం మెతుకులు ఎర్రబడడం, వీటిలో ఏదీ నమ్మదగినది కాదు. పురుగులు తిన్నది మనమూ తినవచ్చు అన్నది కూడా తప్పే. మనిషిని చంపే పుట్టగొడుగును నత్తలు, పురుగులు హాయిగా తింటాయి. తెల్లగా ఉంటే మంచిది, రంగుంటే విషం అన్న మాట అన్నిటికంటే ప్రమాదకరమైనది, ఎందుకంటే అమానిటా అనే ప్రజాతిలో ప్రాణాంతకమైన కొన్ని రకాలు పాలలా తెల్లగా ఉంటాయి.

ఒకే గుర్తుతో తేల్చే దారి లేదు, కొన్ని గుర్తులు కలిపి చూడాలి. అమానిటాలో గొడుగు కింది రేకులు తెల్లగా ఉంటాయి, చాలా రకాల్లో కాడకు పావడాలాంటి పట్టీ ఉంటుంది, మొదలు ఉబ్బి ఒక తిత్తిలో కూర్చున్నట్టు ఉంటుంది. నేల మట్టానికి కోస్తే ఆ తిత్తి మట్టిలోనే ఉండిపోయి అసలు గుర్తు చేజారుతుంది. వరిగడ్డి పుట్టగొడుగుకూ తిత్తి ఉంటుంది కాబట్టే ఆ రెండింటినీ పొరబడినవారు ఉన్నారు. వరిగడ్డి రకం ముదిరితే దాని రేకులు గులాబీ రంగుకు తిరుగుతాయి, అమానిటావి తిరగవు. మొగ్గగా ఉన్నప్పుడు ఈ తేడా తెలియదు.

మెళియాపుట్టి సంతలో ఒక సవర పెద్దావిడ నాకు చూపించింది నేను ఏ పుస్తకంలోనూ అంత స్పష్టంగా చదవలేదు. ఆమె అడ్డాకు మీది కుప్పలోంచి ఒకటి తీసి, మట్టి దులిపి, గొడుగు నడినెత్తిన ముల్లులా పొడుచుకొచ్చిన గట్టి మొనను నా వేలితో తాకించింది. తర్వాత కాడ కిందికి జానెడు పొడవున ఎలుకతోకలా సన్నబడి సాగిన వేరును పట్టుకుని, "ఏరు సూడు బాబూ, ఏరు లేంది పుట్టది కాదు" అంది. పుట్ట లోపలి దిమ్మె దాకా దిగే ఆ వేరు, మట్టిని చీల్చుకోవడానికి పనికొచ్చే ఆ మొన, రెండూ చెదల పుట్ట రకానికి మంచి గుర్తులు. అయితే ఆమెకు ఆ గుర్తులతో పాటు ఆ కొండ, ఆ పుట్ట, గత ఏడాది అక్కడే ఏరిన జ్ఞాపకం ఉన్నాయి. మనం ఫోన్‌లో ఫొటో తీసి పోల్చుకుంటే ఆ తెలివి రాదు.

పెరటి గడ్డిలో, పశువుల సాల దగ్గర, బడి మైదానాల్లో వానల తర్వాత వచ్చే పెద్ద తెల్ల గొడుగుల విషయంలో ఒక చిన్న పరీక్ష ఉపయోగపడుతుంది. కాడ తీసేసి గొడుగును తెల్లకాగితం మీద బోర్లించి, గిన్నె మూసి రాత్రంతా ఉంచితే తెల్లవారేసరికి బీజరేణువులు రేకుల ముద్రలా రాలి ఉంటాయి. ఆ ముద్ర ఆకుపచ్చగా ఉంటే అది తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లోనే తీవ్రమైన వాంతులు, విరేచనాలు పట్టించే రకం. ముద్ర వేరే రంగులో ఉన్నంత మాత్రాన తినదగినదని అర్థం కాదు.

బాగా ఉడికిస్తే విషం పోదా?

పోదు. అమానిటా విషం మరిగించినా, వేయించినా, ఎండబెట్టినా చెక్కుచెదరదు.

తిన్న తర్వాత అనుమానం వస్తే ఏమి చేయాలి?

అమానిటా విషం మోసపూరితమైనది. తిన్న 6 నుంచి 12 గంటల వరకు, ఒక్కోసారి 24 గంటల వరకు ఏమీ తెలియదు; రాత్రి తిన్నది ఉదయానికి బయటపడుతుంది. అప్పుడు వాంతులు, నీళ్ల విరేచనాలు పట్టుకుని ఒక రోజు తర్వాత తగ్గినట్టు కనిపిస్తాయి. ఇంటివారు ఊపిరి పీల్చుకునేది అప్పుడే, కాలేయం లోలోపల చితికిపోతున్నదీ అప్పుడే. మూడో రోజు నుంచి కళ్లు పచ్చబడి, స్పృహ తప్పే స్థితి రావచ్చు. అందుచేత పుట్టగొడుగు కూర తిన్న ఆరు గంటల తర్వాత మొదలైన వాంతులను మామూలు అజీర్ణమని వదిలేయకూడదు, తగ్గినా వదిలేయకూడదు. 108కు ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్లండి. అదే కూర తిన్న అందరినీ, బాగానే ఉన్నామన్నవారిని కూడా తీసుకెళ్లండి. మిగిలిన పుట్టగొడుగును, లేకపోతే కూరను, వీలైతే ఏరిన చోటి నుంచి మొదలుతో సహా ఒకదాన్ని కాగితంలో చుట్టి పట్టుకెళ్లండి. ప్లాస్టిక్ సంచిలో వేస్తే కుళ్లి ఆనవాలు పోతుంది. నాటు పసర్లు తాగించి గంటలు పోగొట్టుకోవద్దు.

సారాతో పాటు తింటే ఏమవుతుంది?

సిరాలా నల్లగా కరిగిపోయే గొడుగుల్లో ఒక రకం ఉంది. దాన్ని తిన్న తర్వాత రెండు మూడు రోజుల్లోపు మద్యం తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు వస్తాయి. అలా కరిగే వాటిని ఏరకపోవడమే మేలు.

ఎక్కడ ఏరినవి తినకూడదు?

పుట్టగొడుగు నేలలోని కాడ్మియం, పాదరసం వంటి లోహాలను స్పంజిలా పీల్చి దాచుకుంటుంది. జాతీయ రహదారి పక్కన, గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు గనుల మట్టిదిబ్బల దగ్గర, ఫ్యాక్టరీల చుట్టుపక్కల, పురుగుమందు కొట్టిన జీడితోటల్లో లేచినవి మంచి రకమే అయినా వదిలేయండి.

ఆయుర్వేదం ఏమంటుంది?

చరక సంహిత సూత్రస్థానంలోని అన్నపానవిధి అధ్యాయం సర్పచ్ఛత్రకం అనే రకాన్ని వేరుచేసి, మిగిలిన ఛత్రాకాలు తీపి, చలువ, అరగడానికి బరువు, పీనసం కలిగించేవి అని చెబుతుంది. బరువు అన్న మాట ఈనాటి శాస్త్రంతోనూ కుదురుతుంది, వీటి కణాల గోడల్లోని కైటిన్ మనకు సులభంగా అరగదు. పచ్చివి తినకుండా బాగా ఉడికించి తినడానికి అది చాలిన కారణం.

గర్భిణులు, చిన్నపిల్లలు తినవచ్చా?

పెంచినవి, బాగా వండినవి తినవచ్చు. అడవిలో ఏరినవి ఈ ఇద్దరికీ పెట్టకండి.

పెంచిన పుట్టగొడుగులకు ఆ గుణాలు ఉంటాయా?

దాదాపు అన్నీ ఉంటాయి. మన వేడికి 30 నుంచి 35 డిగ్రీల మధ్య బాగా పెరిగే పాల పుట్టగొడుగు, చలికాలంలో ముత్యపుచిప్ప రకం వరిగడ్డి మీద ఇంటి వెనుక పాకలోనే పండించవచ్చు. ఆరోగ్యం కోసమే తినదలచినవారికి నా సలహా ఇదే. ఏ రకమో సందేహం ఉండదు, ఏడాదంతా దొరుకుతుంది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ముత్యపుచిప్ప గొడుగులు విడిచే రేణువులు మూసిన గదిలో రోజూ పీల్చేవారికి దగ్గు, ఆయాసం వస్తాయి కాబట్టి ఉబ్బసం ఉన్నవారు ఆ పాకలో పనిచేయకూడదు, మిగిలినవారు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

కార్డిసెప్స్ మన కొండల్లో దొరుకుతుందా?

గొంగళిపురుగు మీద పుట్టే ఆ ఖరీదైన రకం హిమాలయాల్లో 3,500 మీటర్ల పైన దొరుకుతుంది. మనకు పక్కనున్న మహేంద్రగిరి 1,501 మీటర్లే. ఇక్కడి అడవిలో ఏరిందని ఎవరైనా అమ్మితే కొనకండి.

సంతలో కొన్నవాటిని ఎలా వండాలి?

విప్పారీ విప్పారనట్టున్న గొడుగులను, తెలిసిన మనిషి దగ్గర, ఏరిన రోజే కొనండి. మర్నాటికి అవి నీరు కారి వాసన వేస్తాయి. వేరు, మట్టి గీకేసి, ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటిలో పది నిమిషాలు ఉంచితే రేకుల్లోని పురుగులు తేలిపోతాయి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేగాక ముక్కలు వేసి, వాటి నీటిలోనే మెత్తగా ఉడికించి, దించిన తర్వాత నూరిన ఆవముద్ద కలిపితే చోడి అంబలికీ, వేడి అన్నానికీ బాగుంటుంది. మొదటిసారి తినేవారు నాలుగు ముక్కలతో ఆపి మర్నాటి దాకా చూసుకోవాలి, మంచి రకం కూడా కొందరికి పడదు. తిన్న రకంలోంచి ఒకటి వండకుండా పక్కన పెట్టడం మా ఇంట్లో అలవాటు.

ఒకచోట ఏరితే మళ్లీ ఏడు అక్కడే వస్తాయా?

పుట్ట లోపల చెదలు, దిమ్మెలు బతికి ఉంటే వస్తాయి. కొండ ఊళ్ల ఆడవాళ్లు కాడను వేళ్లతో పట్టి మెల్లగా తిప్పి లాగుతారు, ముదిరి రేకులు విచ్చినవాటిని అక్కడే వదిలేస్తారు. వేరు మొత్తం కావాలని గునపంతో తవ్విన పుట్టలో దిమ్మెలు ఎండకు ఆరిపోతాయి, చెదలు ఆ చోటు విడిచి పోతాయి, మరుసటి ఆరుద్రకు అక్కడ ఒట్టి మట్టి మిగులుతుంది.